ముగ్గేసి లేవగానే తూలుతున్నారా? ఊపిరి కండరం సంగతి కూడా చూడండి

పోయిన నెల మోకాళ్ల గురించి రాసినప్పుడు చివర్లో ఒక్క వాక్యం, అరవై దాటిన ఆడవాళ్లు కాళ్లతో పాటు ఊపిరి కండరానికి కూడా వ్యాయామం ఇవ్వాలని రాశాను. ఆ ఒక్క వాక్యానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఈ నెల ప్రశ్నలన్నీ దాని మీదే. మనిషి మనిషికీ ఇబ్బంది వేరు కాబట్టి ఒక్కొక్కరికి విడిగానే చెబుతున్నాను. మీది కాని ప్రశ్నైనా చదవండి, అందులో మీ ఇంట్లో వాళ్లకు పనికొచ్చేది ఏదైనా ఉండొచ్చు.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 64 ఏళ్లు. కావలిలో ఉంటాం, టీచరుగా చేసి రిటైరయ్యాను. బీపీకి ఒక మాత్ర వేసుకుంటున్నాను, షుగర్ లేదు. పొద్దున్నే వంగి ముగ్గేసి లేచేసరికి కళ్లు బైర్లు కమ్మి ఒక పక్కకి తూలుతున్నాను. పోయిన ధనుర్మాసంలో గేటు పట్టుకోబట్టి సరిపోయింది. మా అక్క కొడుకు అమెరికా నుంచి వస్తూ చిన్న ప్లాస్టిక్ పరికరం తెచ్చిచ్చాడు. నోట్లో పెట్టుకుని రోజుకు 30 సార్లు గట్టిగా ఊపిరి పీలిస్తే బీపీ తగ్గుతుంది, తూలు తగ్గుతుంది అంటున్నాడు. ఊపిరికీ కాళ్ల మీద నిలబడటానికీ ఏమిటి సంబంధం? ఇది నిజమేనా, లేక అమ్ముకునేవాళ్ల మాటా?

జవాబు: టీచరమ్మ గారూ, నిజమే. కానీ పరికరం పెట్టె తెరిచే ముందు ఒక పని చేయండి. ఇంట్లో బీపీ మిషను ఉంటే మంచం మీద 5 నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి, లేచి నిలబడి ఒక నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు ఒకసారి చూసుకుని కాగితం మీద రాసుకోండి. పక్కన ఎవరైనా ఉండాలి. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతోందంటే మీ తూలుకి కారణం చాలావరకు అక్కడే ఉంది. ఆ కాగితం పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాత్ర మోతాదో వేసుకునే వేళో మార్చాల్సి రావచ్చు, రక్తం తక్కువుందేమో చూడాల్సి రావచ్చు. మీకై మీరు మాత్ర ఆపేయొద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇంకొకటి, లేచినప్పుడు కాకుండా పడకలో పక్కకి తిరిగినప్పుడు గదంతా గిర్రున తిరుగుతుంటే అది చెవికి సంబంధించిన తిప్పుడు, దాని వైద్యం వేరే.

ఇప్పుడు మీరడిగిన సంబంధం. మీరు పిల్లలకి పాఠం చెప్పే ఉంటారు, ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే కండరం, ఉదర వితానం. మా ఆస్పత్రుల్లో డయాఫ్రమ్ అంటాం. గాలి పీల్చినప్పుడల్లా అది కిందికి దిగుతుంది, దిగినప్పుడు పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడే నడుముకి లోపలి దన్ను. బియ్యం బస్తా నిండా పోసి మూతి కుడితే గోడకి ఆనించకపోయినా నిటారుగా నిలబడుతుంది, సగం ఖాళీ అయ్యాక చూడండి, నడుం దగ్గరే వాలిపోతుంది. మన ఒళ్లూ అంతే. అటక మీద డబ్బా అందుకోవడానికి చెయ్యెత్తుతారు కదా, ఆ చెయ్యి లేవడానికి క్షణంలో ఎన్నో వంతు ముందే డయాఫ్రమ్ బిగుసుకుని నడుముని పట్టుకుంటుంది. మనకి తెలియకుండానే జరిగిపోతుంది. అంటే ఆ కండరానికి రెండు ఉద్యోగాలు, ఊపిరి ఒకటి, ఒళ్లు నిలపడం ఒకటి. వయసు మీద పడి కండరం బలహీనమయ్యాక, పక్కటెముకలు బిగుసుకున్నాక, రెండు పనులూ ఒకేసారి చేయాల్సి వస్తే ముందు ఊపిరినే చూసుకుంటుంది, నిలబెట్టే పని వెనకబడుతుంది. బరువు సంచి పట్టుకుని మెట్లెక్కుతూ ఆయాసపడేటప్పుడే కాలు తడబడటానికి అదొక కారణం.

రెండోది రక్తం సంగతి. ఊపిరి లోతుగా పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, పొట్టలో పెరుగుతుంది, దాంతో కాళ్ల నుంచీ పొట్ట నుంచీ చెడు రక్తం గుండె వైపు లాగబడుతుంది. బోరింగు కొడితే నీళ్లు పైకొచ్చినట్టు. పిక్కల కండరాలు కింది నుంచి నెడతాయి, ఊపిరి కండరం పైనుంచి లాగుతుంది. వంగి ముగ్గేసి చటుక్కున లేచినప్పుడు రక్తం కాళ్లలోకి జారుతుంది, ఆ కాసేపట్లో ఈ రెండు పంపులూ చురుగ్గా ఉంటే మెదడుకి అందాల్సింది అందుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఊపిరి కండరం అలిసిపోయినప్పుడు ఒళ్లు దానికే రక్తం మిగల్చడానికి కాళ్లకి పోయే రక్తనాళాలని బిగిస్తుంది. నరసింహకొండ మెట్లు సగం ఎక్కేసరికి ఊపిరి ఆడక ముందే కాళ్లు బరువెక్కినట్టుంటుందే, అందులో దీని పాత్ర కొంత ఉంది. కండరం గట్టిపడితే ఆ అలుపు ఆలస్యంగా వస్తుంది.

అమ్ముకునేవాళ్ల మాటా అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో డేనియల్ క్రెయిగ్‌హెడ్ బృందం 2021లో ఒక అధ్యయనం ప్రచురించింది. 50 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 36 మంది, పై బీపీ మామూలు కంటే ఎక్కువున్నవాళ్లు. సగం మందికి గట్టి బిగువుతో, అంటే గాలి పీల్చడానికి బాగా అడ్డు ఉండేలా, మిగతా సగానికి ఉందా లేదా అన్నంత తక్కువ బిగువుతో పరికరం ఇచ్చారు. రోజుకు 30 ఊపిర్లు, వారానికి 6 రోజులు, 6 వారాలు. రోజుకి 5 నిమిషాలు కూడా పట్టదు. గట్టి బిగువుతో చేసినవాళ్లకి పై బీపీ సగటున 9 పాయింట్లు తగ్గింది, రక్తనాళాల లోపలి పొర పనితీరు కూడా బాగుపడింది. మనకి ఇందులో ముఖ్యమైంది ఏమిటంటే, నెలసరి ఆగిపోయి హార్మోను మందులు వాడని ఆడవాళ్లలో నడక లాంటి వ్యాయామాలు ఆ లోపలి పొరకి మగవాళ్లకి చేసినంత మేలు చేయడం లేదని ముందే గమనించారు, ఈ ఊపిరి వ్యాయామం మాత్రం వాళ్లకీ పనిచేసింది. తూలు విషయానికొస్తే ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సెస్కో ఫెర్రారో బృందం 2019లో, 65 దాటిన ఆరోగ్యవంతుల చేత 8 వారాలు, రోజుకి రెండు పూటలా 30 ఊపిర్లు చేయించి చూస్తే బ్యాలెన్స్ పరీక్షల్లో మార్కులు పెరిగాయి. బ్రెజిల్‌లో పెద్ద వయసు ఆడవాళ్లతోనే చేసిన 2018 నాటి అధ్యయనంలో ఒంటి సత్తువ, గుండె లయ మీద నరాల అదుపు రెండూ మెరుగయ్యాయి. ఇవన్నీ చిన్న అధ్యయనాలే, పదుల సంఖ్యలో మనుషులు. అందుకే మాత్ర మానేసి దీన్ని పట్టుకోండి అని ఎవరన్నా చెబితే వినొద్దు. మాత్రతో పాటు, నడకతో పాటు ఇది.

ఎలా చేయాలంటే, వీపు ఆనించకుండా కుర్చీలో కూర్చోండి, పాదాలు నేలకి ఆనాలి. ముక్కుకి క్లిప్పు పెట్టుకోండి, లేకపోతే రెండు వేళ్లతో మూసుకోండి. ముందు ఊపిరి నిదానంగా పూర్తిగా వదిలేయండి, ఆ తర్వాత పరికరంలోంచి గబుక్కున, లోతుగా, పొట్టా పక్కటెముకలూ విచ్చుకునేలా పీల్చండి. భుజాలు పైకి లేస్తున్నాయంటే మెడ కండరాలు పనిచేస్తున్నాయి, డయాఫ్రమ్ కాదు. బుగ్గలు లోపలికి పోతున్నాయంటే నోటితో లాగుతున్నారన్నమాట, ఛాతీతో కాదు. అద్దం ముందు కూర్చుంటే రెండూ తెలిసిపోతాయి. వదిలేటప్పుడు తొందరొద్దు, వదిలాక ఒక్క క్షణం ఆగండి. వరసగా గబగబా పీలిస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి తల తేలిపోతుంది, తూలు తగ్గించుకోవడానికి కూర్చుని తూలు తెచ్చుకున్నట్టవుతుంది. అలా అనిపిస్తే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి.

బిగువు ఎంత పెట్టాలన్నది కొందరు అడగనే అడగరు, అసలు విషయం అక్కడే ఉంది. ఊపిరి కండరం కూడా కండరమే, బరువు లేకపోతే బలం రాదు. మీ వయసు ఆడవాళ్లు గట్టిగా పీలిస్తే వచ్చే ఒత్తిడి సుమారుగా 50 నుంచి 80 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉంటుంది. అందులో 30 శాతంతో మొదలుపెట్టి, వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ సగానికి రావాలి. కొలరాడోలో 75 శాతం దాకా పెంచారు, అది పరిశోధకుల అజమాయిషీలో చేయించింది, మీరు ఇంట్లో ఒక్కరే అంత దూరం పోవద్దు. కొలిచే మిషను దగ్గర్లో లేకపోతే ఒక గుర్తు చెబుతాను: 30 ఊపిర్లు పూర్తి చేయగలగాలి, కానీ చివరి ఐదారు కష్టం అనిపించాలి. 30వదీ మొదటిదంత తేలిగ్గా వచ్చిందంటే పరికరం మీద బిగువు తిప్పే మర అర చుట్టు బిగించండి. వారానికి ఒక రోజు సెలవు.

మా అమ్మ సంగతి చెబుతాను. 71వ ఏట గడప దాటుతూ పడింది, చెయ్యి ఆన్చడంతో మణికట్టు విరిగింది. కట్టు కట్టిన ఆస్పత్రిలో ఎముక అతికిందా లేదా చూశారు గానీ ఎందుకు పడింది అని ఎవరూ అడగలేదు, ఈ చదువు చదివిన నేనూ వెంటనే అడగలేదు. నెల తర్వాత మాట్లాడుతూ మాట్లాడుతూ, చేతిలో నీళ్ల బిందె ఉందనీ, ఆయాసంగా ఉండగానే గడప ఎక్కాననీ చెప్పింది. అప్పుడు మొదలుపెట్టాం. పొద్దున కాఫీకి ముందు 30 ఊపిర్లు, సాయంత్రం వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం. మూడో వారంలో ఒకరోజు ఫోన్ చేసి, సందు చివర పాల కేంద్రం దాకా మధ్యలో ఆగకుండా వెళ్లొచ్చానే అంది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను, రెండూ కలిపి చేశాం కాబట్టి. మీరూ రెండూ కలిపే చేయండి. ఆ బోర్న్‌మత్ బృందమే తర్వాత ఊపిరి వ్యాయామాన్ని, న్యూజిలాండ్‌లో పుట్టిన ఒటాగో అనే కాళ్ల వ్యాయామాల వరసతో పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు జట్లకీ బ్యాలెన్స్ బాగుపడింది. ఒకటి చేస్తే ఇంకొకటి అక్కర్లేదని దాని అర్థం కాదు.

ఇక ముగ్గు. మానొద్దు. నడుం వంచి కాకుండా చిన్న పీట మీద కూర్చుని వేయండి. లేచేటప్పుడు ముందు పిక్కలు రెండుమూడుసార్లు బిగించి వదలండి, గేటో గోడో పట్టుకుని లేవండి, లేచిన చోటే నిలబడి రెండు లోతైన ఊపిర్లు తీసుకుని అప్పుడు అడుగేయండి. లేవడానికి ముందు ఒక గ్లాసు నీళ్లు తాగి ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు. కరోనా టైంలో కొన్న మూడు బంతుల ఊపిరి పరికరం ఇంట్లో మూల పడుంది. మా అత్తకి 67. కొత్తది కొనకుండా దీంతోనే చేయించొచ్చా?

జవాబు: చెల్లీ, ఈ ప్రశ్న నన్ను రోజుకొకరు అడుగుతారు. ఆ పరికరం వేరు, ఇది వేరు. మూడు బంతులది ఊపిరితిత్తుల మూలమూలలా గాలి తెరుచుకోవడానికి, ఆపరేషన్ అయ్యాకా నిమోనియా వచ్చాకా ఇస్తారు. దాని మీద 600, 900, 1200 అని అంకెలుంటాయి చూడండి, సెకనుకి ఎన్ని మిల్లీలీటర్ల గాలి వెళ్తే ఏ బంతి లేస్తుందో అవి చెబుతాయి. అందులో కండరానికి పెద్ద బరువేమీ పడదు. టీచరమ్మ గారి దగ్గరున్న దాంట్లో లోపల స్ప్రింగు ఉంటుంది, మీరు పెట్టిన బిగువు దాటేదాకా గాలే రాదు. నిదానంగా పీల్చి తప్పించుకోవడానికి లేదు. ఖాళీ చెయ్యి ఊపడానికీ బిందె ఎత్తడానికీ ఉన్నంత తేడా.

అలాగని మూల పడేయనక్కర్లేదు. అస్సలు అలవాటు లేనివాళ్లకి లోతుగా పీల్చడం నేర్పడానికి మొదటి రెండు వారాలు బాగానే పనికొస్తుంది. కానీ ఒక సంగతి చూడండి. మొన్న ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్లాను, ఆమె కూడా ఇదే పరికరం తెచ్చి చూపించి, ఇది పాడైపోయిందమ్మా, బంతులు లేవడంలేదు అంది. ఏదీ చేసి చూపించు పెద్దమ్మా అన్నాను. పైపు నోట్లో పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి, దీపం ఆర్పినట్టు ఊదుతోంది. బంతులు కదిలితే ఒట్టు. కొబ్బరి బొండంలో స్ట్రా వేసి తాగుతావే, అట్లా లాగు అన్నాను. లాగింది. మొదటి బంతి గభాలున లేచి పైన తగిలింది, రెండోది సగం దాకా వచ్చి వణుకుతూ నిలబడింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. మూడేళ్లుగా ఊదుతూనే ఉందట. అందుకే మీ అత్త చేత ఒకసారి మీ ముందు చేయించి చూడండి. పైపు లోపల నల్లగా గానీ జిగటగా గానీ ఉంటే పైపు పారేసి కొత్తది తీసుకోండి.

స్ప్రింగు పరికరం కొనాలంటే బిగువు తిప్పే మర, దాని పక్కన అంకెలు ఉన్నవే కొనండి. రంధ్రం చిన్నదీ పెద్దదీ చేసే రకం చవకగా దొరుకుతుంది గానీ, దాంట్లో నిదానంగా పీలిస్తే బరువు తగ్గిపోతుంది, తెలియకుండానే మనల్ని మనం మోసం చేసుకుంటాం.

ప్రశ్న: కందుకూరు పక్క పల్లె మాది. మా అమ్మకి 68. ఇరవై ఏళ్లు పొగాకు గ్రేడింగ్ పనికి పోయింది, వంట కట్టెల పొయ్యి మీదే, గ్యాస్ ఈ మధ్యే పెట్టించాం. నాలుగు అడుగులేస్తే ఎగశ్వాస, నడిచేటప్పుడు గోడ పట్టుకుంటుంది. బీడీ, చుట్ట ఏమీ తాగలేదు. ఈ వ్యాయామం మొదలుపెట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కాదు తమ్ముడూ. ముందు పరీక్షలు. చుట్ట తాగకపోయినా కట్టెల పొగ ఏళ్ల తరబడి పీల్చిన ఆడవాళ్లకి, పొగాకు దుమ్ములో పనిచేసినవాళ్లకి ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు వస్తుంది, డాక్టర్లు సీఓపీడీ అంటారు. తాగే అలవాటు లేదు కదా అని దాని వైపు ఎవరూ చూడరు, ముసలితనం వల్ల ఆయాసం అనుకుని ఇంట్లో వదిలేస్తారు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. మన వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌ల దగ్గర, గ్రేడింగ్ షెడ్లలో నడుం వంచి పనిచేసింది ఎక్కువగా ఆడవాళ్లే, వాళ్ల ఊపిరి గురించి అడిగినవాళ్లు తక్కువ. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష చేయించండి, ఎక్స్‌రే, గుండె ఈసీజీ కూడా. పడుకుంటే ఆయాసం ఎక్కువవుతుందా, పాదాలు వాస్తున్నాయా అన్నది డాక్టరుకి చెప్పండి, అలా ఉంటే గుండె వైపు చూడాలి, ఆలస్యం చేయొద్దు.

ఆ జబ్బే అని తేలితే మొదటి మందు ఇన్‌హేలర్. అది సరిగ్గా పీల్చడం నేర్చుకోవాలి, చాలామంది గొంతులో కొట్టుకుని ఊరుకుంటారు. ఆ తర్వాత నడక. ఈ జబ్బులో గాలి లోపల చిక్కుకుపోయి ఊపిరితిత్తులు ఉబ్బి ఉంటాయి, గొడుగులా ఉండాల్సిన డయాఫ్రమ్ పళ్లెంలా చదునైపోతుంది, కాబట్టి దానికి బలం ఉన్నా లాగే పట్టు ఉండదు. అందుకని ఊపిరి కండరం మరీ బలహీనంగా ఉందని కొలిచి తేలిన వాళ్లకే, నడకతో కలిపి, తక్కువ బిగువుతో పరికరం ఇస్తాం. ఈలోపు పెదాలు సున్నాలా చుట్టి, వేడి పాలు ఆర్పినట్టు నిదానంగా ఊపిరి వదలడం నేర్పండి. ముక్కుతో రెండంకెలు పీల్చి, నోటితో నాలుగంకెలు వదలాలి. దీనికి పరికరమూ ఖర్చూ ఏమీ లేవు. గోడ పట్టుకునే చోట ఒక గట్టి కర్ర చేతికివ్వండి. సిగ్గుపడుతుంది, అయినా ఇవ్వండి.

ప్రశ్న: కనిగిరి నుంచి రాస్తున్నాను. మా అమ్మకి 66. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నడుం, మెడ బిగుసుకుపోయాయి. ఊపిరి పీల్చినా ఛాతీ కదలదు. బాగా తూలుతోంది. పరికరం వాడితే ఛాతీ విచ్చుకుంటుందా?

జవాబు: విచ్చుకోదమ్మా. ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో చేరినప్పుడు వెన్నుపూసల మధ్య, పక్కటెముకలు వెన్నుకి అతికే చోట కీళ్లు గట్టిపడిపోతాయి. ఆ గట్టిదనాన్ని ఊపిరి వ్యాయామం కరిగించలేదు. కానీ పక్కటెముకలు కదలనప్పుడు ఊపిరి పనంతా డయాఫ్రమ్ మీదే పడుతుంది, కాబట్టి దాన్ని బలంగా ఉంచుకోవడం మీ అమ్మకి మిగతావాళ్ల కంటే ఎక్కువ అవసరం. పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి లేచేలా పీల్చమనండి. పది, పది చొప్పున రోజుకి మూడుసార్లు. అంతవరకే.

అంతకంటే ముఖ్యమైంది తూలు. ఫ్లోరైడ్ ఉన్నవాళ్లలో వెన్ను లోపలి దారి ఇరుకై వెన్నుపాము నొక్కుకుపోవచ్చు. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతున్నాయా, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదా, చేతి వేళ్లతో గుండీ పెట్టుకోలేకపోతోందా, మూత్రం ఆపుకోలేకపోతోందా అడగండి. ఒక్కటి అవునన్నా ఏ వ్యాయామమూ చేయించకుండా న్యూరో డాక్టరుకి చూపించండి, ఈ వారంలోనే. మెడ మీద నొక్కి మాలిష్ చేయించడం, విరవడం లాంటివి అస్సలు వద్దు.

తాగే నీటిలో, వంటకి వాడే నీటిలో కూడా ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగడానికి ఫిల్టరు నీళ్లు తెచ్చుకుని, పప్పూ అన్నమూ బోరు నీళ్లతోనే వండే ఇళ్లు ఎన్నో చూశాను.

ప్రశ్న: మా అత్తగారికి 72, ఒంగోలులో మాతోనే ఉంటారు. పోయినేడు గుండెకి స్టెంట్ వేశారు, మూడు వారాల క్రితం కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. చేయించొచ్చా?

జవాబు: కంటి డాక్టరు సరే అనేదాకా వద్దు, గట్టిగా పీల్చినప్పుడు తల వైపు, కంటి వైపు ఒత్తిడి మారుతుంది. స్టెంట్ వేసి ఏడాదై, ఛాతీ నొప్పి లేకుండా మామూలుగా నడుస్తుంటే సాధారణంగా అభ్యంతరం ఉండదు, అయినా గుండె డాక్టరుని ఒక్క మాట అడగండి. మిగతావాళ్లకీ కలిపి చెబుతున్నాను: ఎప్పుడైనా ఊపిరితిత్తి కుదించుకుపోయి ఛాతీలో గొట్టం వేయించుకున్నవాళ్లు, ఈమధ్య పొట్ట, ఛాతీ ఆపరేషన్ అయినవాళ్లు, ఎముకలు గుల్లబారి పక్కటెముక విరిగినవాళ్లు, కర్ణభేరి చిల్లు పడినవాళ్లు, పెద్ద రక్తనాళంలో ఉబ్బు ఉందని తేలినవాళ్లు, గుండె బలహీనమై ఆయాసం, కాళ్ల వాపు పెరుగుతున్నవాళ్లు డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు. జలుబు చేసి చెవులు దిబ్బడ వేసిన రోజుల్లో ఎవరైనా మానేయాలి.

ప్రశ్న: నేను పదేళ్లుగా ప్రాణాయామం చేస్తున్నాను. బుచ్చిరెడ్డిపాళెం. 62 ఏళ్లు. నాకూ ఈ పరికరం కావాలా?

జవాబు: పదేళ్లు వదలకుండా చేస్తున్నారంటే మీకు నమస్కారం అక్కా. మానొద్దు. నిమిషానికి ఆరేడు ఊపిర్లకి తగ్గించి నిదానంగా పీల్చి వదిలితే నరాలు నెమ్మదిస్తాయి, టెన్షన్ తగ్గుతుంది, బీపీ కూడా కొంత దిగుతుంది. అది మనసు, నరాల దారి. పరికరంతో చేసేది కండరం దారి. అనులోమ విలోమాల్లో ముక్కు ఒక వైపు మూయడం వల్ల కొంచెం అడ్డు ఉంటుంది గానీ, కండరం బలపడేంత బరువు కాదు. పొద్దున వాకింగూ, పొలంలో గడ్డపారా రెండూ ఒంటికి పనే, అయినా రెండిటి పని ఒకటి కాదు కదా. మీకు బీపీ, తూలు, ఆయాసం ఏవీ లేకపోతే పరికరం కొనాల్సిన తొందరేమీ లేదు. ఒంటి కాలి మీద, గోడ పక్కన, 10 సెకన్లు నిలబడగలరా చూసుకోండి. నిలబడలేకపోతే కాళ్ల వ్యాయామాలు, దాంతో పాటు ఇది కూడా మొదలుపెట్టండి. బీపీ ఉన్నవాళ్లు కపాలభాతి గట్టిగా కొట్టడం, ఊపిరి ఎక్కువసేపు బిగబట్టడం మాత్రం వద్దు.

ప్రశ్న: ఒకే పరికరం నేనూ మా ఆయనా వాడుకోవచ్చా? ఎన్నాళ్లు చేయాలి?

జవాబు: నోటి ముక్క ఎవరిది వాళ్లదే. పరికరం ఒకటే అయితే లోపలికి కూడా తుంపర పోతుంది కాబట్టి, ఒకరికి దగ్గు ఉన్నప్పుడు ఇంకొకరు ముట్టుకోవద్దు. పైగా ఆయన బిగువు వేరు, మీ బిగువు వేరు, ప్రతిసారీ మర తిప్పుతూ కూర్చుంటే ఎవరు ఎక్కడ ఆగారో గుర్తుండదు, క్యాలెండరు మీద రోజూ అంకె రాసుకోండి. వారానికి రెండుసార్లు గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచి, మంచి నీళ్లతో కడిగి, విదిలించి నీడలో ఆరబెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ వంకర పోతుంది.

ఎన్నాళ్లు అంటే, తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. కొలరాడోలో మానేసిన ఆరు వారాల తర్వాత కూడా తగ్గిన బీపీలో చాలా భాగం అలాగే నిలిచింది గానీ, కండరం ఏదైనా వాడకపోతే జారిపోతుంది. ఎనిమిది వారాలయ్యాక వారానికి మూడు రోజులు చేసుకుంటూ పోండి. ఊరెళ్లినప్పుడు సంచిలో వేసుకుపోండి, చిన్నదే.